పిట్టలదొర చెరువు గట్టెక్కితే

మృగశిర కార్తె వచ్చిందంటే మా దిక్కు చేపల పులుసు వాసన రాని ఇల్లుండదు. జూన్ మొదటి వారం దాటి రోహిణి ఎండలు కాస్త తగ్గగానే సూర్యాపేట నుంచి ఖమ్మం పోయే రోడ్డు మీద, మోతె మండలం పొడుగునా, చెట్ల కింద తక్కెళ్లు వెలుస్తాయి. బొచ్చెలు, రవ్వులు, బంగారుతీగలు, అదృష్టం బాగుంటే నీళ్ల టబ్బులో కొట్టుకుంటున్న కొర్రమట్టలు. కార్తె ప్రవేశించిన నాడు చేప తింటే వానాకాలం రోగాలు దగ్గరికి రావని పెద్దవాళ్లు చెబుతారు. ఆ మాట సంగతి ఎట్లున్నా ఆ పులుసు నాకు ప్రాణం.

అయితే ఈమధ్య ఆ తక్కెడ ముందు నిలబడ్డప్పుడల్లా నా చూపు పెద్ద చేపల మీద ఆగడం లేదు. పక్కన గోనె పట్టా మీద కుప్పగా పోసిన చిన్నవాటి మీదికి పోతోంది. వేలెడంతవి, జానెడు కూడా లేనివి. “పరకలు అక్కా, వేపుడుకు మస్తుంటయి, తీస్కపో” అంటుంది అమ్మే ఆమె. దగ్గరికి వంగి చూస్తే నిజంగా పరకలు కొన్నే. మిగతావాటిలో బొచ్చె పిల్లలున్నాయి, వాటి తల పెద్దగా, నోరు పైకి తిరిగి ఉంటుంది కాబట్టి ఇట్టే పోల్చుకోవచ్చు. రవ్వు పిల్లలున్నాయి. నల్లటి చారలతో కొర్రమట్ట పిల్లలూ ఉన్నాయి. ఇవన్నీ పెరిగితే కిలోకు తక్కువ తూగనివి. ఆమెను తప్పుబట్టేదేముంది? గట్టు మీద ఎవరో ఇచ్చారు, ఆమె రోడ్డు మీదికి తెచ్చింది, మనం కొన్నాం.

ఇవాళ్టి కబుర్లు ఆ కుప్ప గురించే. అయితే ఏడుపు కబుర్లు కావు, వేషాల కబుర్లు. చేపలు తగ్గిపోతున్నాయని ఊరికి చెప్పాలంటే నోటీసు బోర్డు కన్నా, మైకు పెట్టిన ఆటో కన్నా, రంగు పూసుకుని గజ్జె కట్టిన మనిషే మేలని నేను గట్టిగా నమ్ముతాను. ఎందుకో చెబుతాను, పక్కకు జరిగి కూర్చోండి.

మన దగ్గర పిట్టలదొర ఉన్నాడు కదా! తుపాకి రాముడని కూడా అంటారు. ఖాకీ చొక్కా, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకి, ఛాతీ మీద వరసగా బిళ్లలు. అంగడిలోకి అడుగుపెడుతూనే లేని జమీన్ల గురించి, ఎన్నడూ చేయని వేట గురించి కోతలు మొదలుపెడతాడు. వినేవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వుతారు. ఆ నవ్వుల నడుమే ఊరి పెద్దలకు తగలాల్సిన మాట తగిలించి సాగిపోతాడు. నేటి పిల్లలు వాడిని టీవీలోనో, ఎన్నికల ప్రచారంలోనో చూసి ఉంటారు. నేననేది ఏమిటంటే, ఆ దొరను ఒక్కసారి చెరువు గట్టెక్కించండి. వాడు ఏం మాట్లాడతాడో నాకు ఇక్కడి నుంచే వినబడుతోంది.

“సలాం పటేలా, సలాం! నన్ను గుర్తువట్టలే? ఏడు చెర్వులకు ఏలికను, పద్నాలుగు కుంటలకు పట్వారిని. పోయినేడు మా చెర్వుల ఒక్క బొచ్చె వడ్డది. ఒక్కటంటే ఒక్కటే! దాని పొలుసులతోని బడికి పైకప్పేసినం. ముల్లు తీస్కపోయి కరెంటు స్తంభం జాగల నాటినం. కండ కోస్తే మోతె తిన్నది, మునగాల తిన్నది, మిగిలింది కోదాడకు బస్సుకేసి పంపినం. అసొంటి చేప ఇప్పుడేదంటవా? అది బొటనవేలంత ఉన్నప్పుడే మీ బావ దోమతెరల వట్టి వేపుడు చేసిండు! ఇంక బడికి పైకప్పు యాడికెళ్లి తేవాలె?”

బావ అక్కడే ఉంటాడు. నవ్వుతాడు. నవ్విన మనిషి ఆ మాటను ఇంటికి మోసుకుపోతాడు. నోటీసు అయితే అట్లా మోసుకుపోడు.

ఇది నేను కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. వేషంతో ఊరిని కదిలించడం ఈ గడ్డకు బాగా తెలిసిన విద్య. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి చేసిందేమిటి? పండితులకు మాత్రమే తెలిసిన రూపాలను పక్కన పెట్టి బుర్రకథను, వీధి భాగవతాన్ని, పగటి వేషాన్ని పట్టుకుంది. చదువు రాని రైతుకు కౌలు గురించి, వెట్టి గురించి ఆ రూపాల్లోనే చెప్పింది. సూర్యాపేట దిక్కు ముసలివాళ్లను కదిలిస్తే ఇప్పటికీ ఆ పాటలు వస్తాయి. భూమి కోసం పనికొచ్చిన గజ్జె నీటి కోసం పనికిరాదా?

సరే, చెరువు సంగతి కాస్త లోపలికి పోయి చూద్దాం. ఎందుకంటే వేషం కట్టేవాడికి చేప గురించి తెలిసి ఉండాలి, లేకపోతే అది ఉత్త గంతులాట అవుతుంది.

మన చెరువుల్లో రెండు రకాల చేపలున్నాయి. బొచ్చె, రవ్వు, ఎర్రమోసు, ఇవి నది చేపలు. వరద పోటెత్తిన పారే నీటిలో తప్ప గుడ్లు పెట్టవు. నిలవ నీటి చెరువులో ఎన్నేళ్లున్నా వాటికి పిల్లలు పుట్టవు. 1957 జులై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త పీయూష గ్రంథి రసం సూదితో ఎక్కించి ఈ చేపల చేత గుడ్లు పెట్టించిన తరువాతే చేప విత్తనం అనేది కావాలన్నప్పుడు చేతికందింది. అందుకే ఆ రోజును దేశమంతా చేపల రైతుల దినంగా జరుపుతారు. తెలంగాణ వచ్చాక, 2016 నుంచి ప్రభుత్వం ఉచితంగా పోస్తున్న పిల్లలు ఆ విద్య చలవే. ఎండాకాలంలో ఎండిపోయే చెరువులకు 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్లలు, ఏడాది పొడుగునా నీళ్లుండే వాటికి 80 నుంచి 100 మిల్లీమీటర్లవి. అంటే పోసేనాటికి అవి మన చిటికెన వేలి కన్నా కొంచెం అటూ ఇటూ. బాగా సాగితే ఏడాదికి బొచ్చె కిలో దాకా వస్తుంది. మూడో నెలలోనే సన్నకన్ను వల దింపితే నూరు గ్రాములవి పది కలిపితే కిలో. అవే పదీ ఆగితే, రెండు మూడు చచ్చినా ఏడెనిమిది కిలోలు. ఈ లెక్క పిట్టలదొర తన కట్టె తుపాకి మీద గీతలు గీసి చూపించగలడు.

రెండో రకం చెరువులోనే పుట్టి చెరువులోనే పెరిగేవి. కొర్రమట్టలు, జెల్లలు, వాలుగలు, పరకలు, చందమామలు. వీటిని మామూలుగా ఎవరూ సంచుల్లో తెచ్చి పోయరు. వీటి విత్తనం వీటి కడుపులోనే ఉంది. అందుకే అడ్డగోలు వేట దెబ్బ ముందు వీటికే తగులుతుంది.

కొర్రమట్టను తీసుకోండి, మన రాష్ట్ర చేప. తొలకరి పడి చెరువులోకి కొత్తనీరు దిగగానే జంట ఒకటి ఒడ్డున తుంగ నడుమ చిన్న జాగా చదును చేసుకుంటుంది. గుడ్లు నీటి మీద తేలతాయి. ఒకటి రెండు రోజుల్లోనే పిల్లలు బయటికొస్తాయి. ఆ పిల్లల రంగు చూశారా? ఎర్రగా, నిప్పురవ్వలు రాలినట్టు. వందల పిల్లలు ఒకే ముద్దగా తిరుగుతుంటాయి, అప్పుడప్పుడు గాలి కోసం పైకొచ్చి నీటి మీద సన్నటి చినుకులు పడ్డట్టు చప్పుడు చేస్తాయి. సరిగ్గా ఆ ముద్ద కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. కప్ప వచ్చినా, పాము వచ్చినా ఎదురు తిరుగుతాయి. చేపల్లో ఇంత తల్లిదండ్రితనం అరుదు. ఆ తల్లిదండ్రితనమే వాటి కొంప ముంచుతుంది. గాలం వేసేవాడికి ఎర్ర ముద్ద కనిపిస్తే చాలు, చిన్న కప్పను గుచ్చి దాని మధ్యలోకి విసురుతాడు. పిల్లల మీదికి ఏదో వచ్చిందని తల్లి ఎగిరి కరుస్తుంది. ఆకలికి కాదు, కోపానికి. గట్టు మీదికి ఒక చేప వస్తుంది, నీళ్లలో వందల పిల్లలకు దిక్కు లేకుండా పోతుంది.

వానాకాలంలో ఇంకొకటి కూడా చూస్తాం. శ్రీరామసాగర్ ప్రాజెక్టు రెండో దశ కాలువల చివరి భూములు మావి, నీళ్లు అంత దూరం వచ్చిన ఏడు ఊరంతా సంబరం. నాలుగు గట్టి వానలు తోడైతే చెరువు నిండి అలుగు పోస్తుంది. అలుగు కింద నీటికి ఎదురెక్కే చేపలు గుడ్ల బరువుతో ఉన్నవి. అదే తావున ఊతలు, చీరలు, దోమతెరలు పట్టుకుని ఊరు ఊరంతా దిగుతుంది. పిల్లలకు అది జాతరే. ఆ ఆనందాన్ని పాడుచేయమని నేననను. ఆ జాతరలోకి ఒక వేషం పంపమంటాను.

పెద్ద నీళ్ల దగ్గర కథ ఇంకా ముదిరింది. కృష్ణ మీద, శ్రీశైలం వెనక జలాల్లో, కొల్లాపూర్ సోమశిల వైపు అలివి వలల గొడవ ఏళ్లుగా సాగుతోంది. కన్ను దోమతెరంత సన్నం, పొడుగు చూస్తే చివర కనబడదు. దాన్ని నీటిలో చుట్టూ తిప్పి గట్టుకు లాగితే చేప పిల్ల కాదు కదా, గుడ్డు కూడా తప్పించుకోదంటారు అక్కడి జాలర్లు. అట్లా పట్టిన పిల్లలను ఎండబెట్టి బస్తాల్లో అమ్ముతారు. నిషేధం ఉంది. అధికారులు వలలు పట్టుకుని తగలబెట్టిన రోజులూ ఉన్నాయి. స్థానిక మత్స్యకారులే ధర్నాలు చేశారు, ఎందుకంటే ముందు పస్తులుండేది వాళ్లే. బాంబులు పేల్చి, విషం కలిపి చేపలు పట్టడం నేరమని 1897 నాటి చట్టమే చెప్పింది. చట్టానికి నూట పాతికేళ్లు దాటాయి, పేలుళ్లు మాత్రం ఆగలేదు. చట్టం వద్దని కాదు. చట్టం గట్టు దాకా నడిచి రాలేదు, వేషం వస్తుంది.

వస్తుందని రుజువేమిటని మీరు అడగాలి. అడిగారనే అనుకుని గుజరాత్‌కు తీసుకెళతాను.

సౌరాష్ట్ర తీరంలో వేరావల్ పెద్ద రేవు. ఆ సముద్రంలోకి ప్రతి ఏటా తిమింగల సొర వస్తుంది. ప్రపంచంలో అన్నిటికన్నా పెద్ద చేప అదే, మనిషి జోలికి రాని సాధు జీవి. ఒకప్పుడు దాన్ని వందల్లో చంపేవారు. కాలేయం నూనె పడవలకు పూతగా, మాంసం విదేశాలకు. కొక్కేనికి పీపాలు కట్టి అలసిపోయేదాకా లాగించేవారు కాబట్టి దాన్ని పీపా పేరుతోనే పిలిచేవారు. 2000లో మైక్ పాండే తీసిన ‘షోర్స్ ఆఫ్ సైలెన్స్’ అనే చిత్రం ఆ నెత్తుటి ఒడ్డును లోకానికి చూపింది. 2001లో కేంద్రం దాన్ని వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో చేర్చింది, పులితో సమానంగా. అయినా వేరావల్ జాలరికి ఆ సంగతి ఎవరు చెప్పాలి?

2004లో వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా, గుజరాత్ అటవీశాఖ, మరికొందరు కలిసి ఆ పని మొదలుపెట్టారు. వాళ్లు పోలీసును ముందు పెట్టలేదు. గాలి ఊది నింపే తిమింగల సొర బొమ్మ ఒకటి, అసలు చేప ఎంతుంటుందో అంత, తయారుచేసి ఊరూరా తిప్పారు. బస్సంత బొమ్మ బజార్లోకి వస్తే పిల్లలు ఊరుకుంటారా? పిల్లల వెనక తల్లులు, తల్లుల వెనక జాలర్లు. బొమ్మ పక్కన వీధి నాటకం. అందులో జాలరి కూతురు పురిటికి పుట్టింటికి వస్తుంది. రామకథ చెప్పే మొరారీ బాపు ఆ ప్రచారానికి పెద్ద దిక్కుగా నిలిచి, ఈ చేప కూడా మన తీరానికి పురిటికొచ్చిన ఆడబిడ్డ అన్నాడు. పేరు మార్చారు, ‘వ్హాలీ’ అని ముద్దుగా పిలుచుకున్నారు. పోర్‌బందర్ మొదలుకొని కొన్ని పట్టణాలు దాన్ని తమ ఊరి గుర్తుగా స్వీకరించాయి. చంపిన చేతులే వలలు కోసి వదలడం మొదలుపెట్టాయి. అప్పటి నుంచి వందల తిమింగల సొరలు ఆ తీరంలో వలల్లోంచి ప్రాణాలతో బయటపడ్డాయి.

ఇందులో మన వాళ్ల సంగతి కూడా ఉంది, అది చెప్పకుండా ముందుకు పోలేను. వేరావల్ పడవల మీద కూలికి పోయేవాళ్లలో శ్రీకాకుళం మత్స్యకారులు చాలామంది. సొంత తీరంలో వేట గిట్టుబాటు కాక దేశం ఆ చివరికి పోతారు. 2018లో అట్లా పోయిన మన వాళ్లు కొందరు పొరపాటున సరిహద్దు దాటి పాకిస్తాన్ చేతికి చిక్కారు. 2020 జనవరిలో వాఘా దగ్గర విడుదలయ్యారు. ‘తండేల్’ సినిమా ఆ కథ ఆధారంగానే వచ్చింది. సినిమాలో ప్రేమ చూశాం, చెర చూశాం. ఇంటి ముందరి సముద్రం ఎందుకు చాలలేదన్న ప్రశ్న కూడా అక్కడే ఉంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట ఆపేది చేపలు గుడ్లు పెట్టుకోవడానికే. ఆ రోజుల్లో జాలరి ఇంట్లో పొయ్యి వెలగడానికి ప్రభుత్వం భృతి ఇస్తుంది. ఈ రెండూ కలిసే ఉండాలి.

2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి ఒడ్డుకు ఒక తిమింగల సొర కొట్టుకొచ్చింది. రెండు టన్నుల బరువుంటుందని అన్నారు. అటవీ అధికారులు, జాలర్లు, జంతుప్రేమికులు కలిసి దాన్ని నెమ్మదిగా లోతు నీటిలోకి నడిపించి సాగనంపారు. ఇరవై ఏళ్ల కిందట అయితే గొడ్డళ్లు వచ్చేవేమో!

ఇప్పుడు నా అసలు మాట. వేషం అంటే అన్ని వేషాలూ ఒకటి కావు.

మన దగ్గర అవగాహన అనగానే యముడు గుర్తొస్తాడు. హెల్మెట్ పెట్టుకోని వాడి ముందుకు ట్రాఫిక్ పోలీసులు గద పట్టిన యముడిని పంపుతారు. 2020లో కరోనా వచ్చినప్పుడు చెన్నైలో ఒక ఇన్‌స్పెక్టర్ వైరస్ ఆకారంలో హెల్మెట్ పెట్టుకుని రోడ్డెక్కాడు. అప్పటి కర్నూలు జిల్లా ప్యాపిలిలో ఎస్సై ఒకాయన వైరస్ బొమ్మలు పూసిన తెల్ల గుర్రమెక్కి ఊరు తిరిగాడు. హైదరాబాద్‌లో వింత కార్లు తయారుచేసే సుధాకర్ ముళ్ల బంతి లాంటి కారు చేసి నడిపాడు. ఇవన్నీ భయం పుట్టించే వేషాలు, ఆ పనికి అవి సరిపోయాయి కూడా. ప్రాణం మీదికొచ్చేది మనకే కదా!

చేప విషయంలో భయం పనిచేయదు. చెరువులో చేప తగ్గితే కొనేవాడు చచ్చిపోడు, ఆంధ్రా నుంచి ఐసు పెట్టెలో లారీ వస్తుంది, అది కొంటాడు. భయపడాల్సినవాడు జాలరి ఒక్కడే, అతడు రోజూ భయపడుతూనే ఉన్నాడు. అందుకే గట్టు మీదికి యముడిని పంపితే అతడు తనను దొంగను చేశారనుకుంటాడు, అనుకోవడంలో న్యాయం ఉంది. గుజరాత్ వాళ్లు యముడిని పంపలేదు, ఆడబిడ్డను పంపారు. చేపను దగ్గరి చుట్టాన్ని చేసే వేషమే చేపను కాపాడుతుంది. జాలరిని ముద్దాయిని చేసే వేషం వద్దు, పుట్టింటి పెద్దను చేసే వేషం కావాలి.

బయటి దేశాల్లోనూ ఇట్లాంటివి చాలా జరిగాయి. ఇంగ్లండ్‌లో పేరున్న నటులు ఒంటి మీద బట్ట లేకుండా చేపను హత్తుకుని ఫోటోలు దిగారు. హెలెనా బోన్‌హామ్ కార్టర్ పెద్ద ట్యూనా చేపతో దిగిన ఫోటో 2015లో పత్రికల నిండా వచ్చింది. మోతె అంగడిలో ఆ రకం పనికిరాదు, దాని జోలికి పోనక్కర్లేదు. అదే దేశంలో హ్యూ ఫియర్న్లీ-విటింగ్‌స్టాల్ అనే వంట కార్యక్రమాల ఆయన 2011లో టీవీలో ఒక పోరాటం మొదలుపెట్టాడు. కోటా దాటిందని పట్టిన మంచి చేపను చచ్చాక సముద్రంలో పారేస్తున్నారని కళ్లకు కట్టాడు. లక్షల మంది సంతకాలు పెట్టారు, చివరికి ఐరోపా సమాఖ్య తన చేపల విధానాన్నే మార్చుకుంది. ఆలస్యం చేస్తే ఏమవుతుందో కెనడాను అడగాలి. న్యూఫౌండ్‌లాండ్ దగ్గర కాడ్ చేప ఎంత పట్టినా తరగదనుకున్నారు. 1992 జులైలో వేట మొత్తం ఆపేయాల్సి వచ్చింది, ముప్పై వేల మందికి ఒక్కసారిగా పని పోయింది. ఇప్పుడు లోకంలోని సముద్రపు చేపల నిల్వల్లో మూడో వంతుకు పైగా మితిమీరిన వేటకు గురవుతున్నాయని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ లెక్క.

ఆడబిడ్డ కథ గుజరాత్‌ది. మనకు మన కథ ఉంది, ఇంటింటికీ తెలిసినదే. మత్స్యావతారం! సత్యవ్రతుడనే రాజు కృతమాల నదిలో తర్పణం విడుస్తుంటే దోసిట్లోకి ఒక చిన్న చేపపిల్ల వచ్చింది. నీటిలోకి వదలబోతే, పెద్ద చేపలు నన్ను మింగేస్తాయి, కాపాడమంది. కమండలంలో పెట్టాడు, తెల్లారేసరికి పట్టలేదు. గంగాళంలో పోశాడు, అదీ చాలలేదు. మడుగు, సరస్సు, చివరికి సముద్రం. ప్రళయం వచ్చిన నాడు ఆ చేపే పడవను లాగి లోకాన్ని ఒడ్డున పడేసింది. పోతన భాగవతంలో ఎనిమిదో స్కంధం కథ, మన బమ్మెర పోతన. పిల్లను పెరగనిచ్చిన రాజు కథ ఇది. చెరువు గట్టు మీద చెప్పడానికి ఇంతకన్నా తగిన కథ ఎక్కడ దొరుకుతుంది? భక్తితో చూసేవాళ్లు భక్తితో చూస్తారు, లెక్కలు చూసేవాళ్లు లెక్కలు చూస్తారు.

మోతెలో ఎట్లా చేయొచ్చో చెబుతాను. బడి పిల్లలు చాలు, ఖర్చు పెద్దగా లేదు. యూరియా సంచులు కడిగి గుండ్రంగా కత్తిరించి ఒకదాని మీదొకటి కుడితే పొలుసులు. జొన్న బెండ్లతో రెక్కలు, వెదురు బద్దలతో తోక. ఒకటో తరగతి, రెండో తరగతి పిల్లలందరికీ ఎర్ర బనీన్లు, వాళ్లే కొర్రమట్ట పిల్లల ముద్ద. పదో తరగతి నుంచి ఒక ఆడపిల్ల, ఒక మగపిల్లవాడు నల్ల దుప్పట్లు కప్పుకుని తల్లీ తండ్రీ. ఎర్ర ముద్ద అటు పోతే అటు, ఇటు పోతే ఇటు ఆ ఇద్దరూ చుట్టూ తిరగాలి. దోమతెర పట్టుకుని నలుగురు వస్తారు. ఎర్ర బనీన్లన్నీ అందులో చిక్కుకుంటాయి. తల్లి తెరను కొరుకుతుంది. అప్పుడు పిట్టలదొర ప్రవేశం, కోతలు, నవ్వులు, తుపాకి మీద గీతల లెక్క. ఆ తరువాత పెద్ద కన్ను వల దించి చూపాలి. బనీన్లు కన్నుల్లోంచి కిలకిలమంటూ బయటికి దూకాలి, ఎదిగిన బొచ్చె వేషగాడు మాత్రం చిక్కాలి. పావుగంట ఆట. మాట అర్థం కాని పసివాడికి కూడా వల కన్ను అంటే ఏమిటో తెలిసిపోతుంది.

ఎప్పుడంటారా? నవంబరు 21 ప్రపంచ మత్స్య దినోత్సవం ఉంది, మత్స్యకారుల సొసైటీలు జెండా ఎగరేస్తాయి, ఆ రోజు సరే. నా మనసు మాత్రం ఇంకో రెండు రోజుల మీద ఉంది. ఒకటి మృగశిర కార్తె. మనం చేపలు ఎక్కువగా కొనే రోజూ, చెరువు చేపలు గుడ్లకు సిద్ధమయ్యే రోజులూ ఒకటే కావడం చూడండి! ఆ రోజు తక్కెళ్ల ముందు ఆట ఆడితే కొనేవాళ్ల ముందే ఆడినట్టు. రెండోది సద్దుల బతుకమ్మ. చెరువు నిండుగా, గట్టు నిండా ఆడవాళ్లు. ఇంట్లో ఏ చేప వండాలో తేల్చేది వాళ్లే. ఏడాది విడిచి ఏడాది వచ్చే దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర కూడా ఉంది. భేరీల మోతలో పిట్టలదొర గొంతు వినబడుతుందో లేదోనని చిన్న సందేహం. పెద్ద బొమ్మ ఒకటి ఎత్తుకుపోతే వినబడకపోయినా కనబడుతుంది.

ఆట ఒక్కటే చాలదని నాకు తెలుసు. ముదిరాజులు, గంగపుత్రులు సొసైటీలో సభ్యత్వం పెట్టుకుని చెరువు మీద బతికేవాళ్లు. పిల్ల చేపను పట్టేది సరదాకు కాదు. ఎండకాలం చెరువు ఎండుతుందన్న భయం ఒకటి, వ్యాపారి దగ్గర తీసుకున్న అడ్వాన్సు ఒకటి, రాత్రి పూట ఎవడో వచ్చి ఎత్తుకుపోతాడన్న దిగులు ఒకటి. గుజరాత్‌లో కూడా వ్హాలీ కోసం వల కోసుకున్న జాలరికి వల ఖరీదు కట్టిచ్చే ఏర్పాటు చేశారు. జాలరే ఫోటో తీసి పంపితే చాలన్నారు, అధికారి వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఆ నమ్మకం వేషం పక్కన నిలబడింది కాబట్టే వేషం పారింది. మన దగ్గర సన్నకన్ను వల తెచ్చి ఇచ్చినవాడికి పెద్ద కన్ను వల ఇచ్చే పద్ధతి పెడితే, ఆట అయిపోయిన మరునాడే గట్టు మీద ఆ మార్పిడి జరిగితే, అప్పుడు కదా ఆట ఫలించేది. పాలేరులో మత్స్య పరిశోధన కేంద్రం మనకు దగ్గరే. అక్కడి వాళ్లను పిలిచి ఏ చేప ఏ నెలలో గుడ్లు పెడుతుందో, ఎంత పొడుగుకు పట్టవచ్చో ఊరి చెరువుకు సరిపోయేట్టు చెప్పించుకోవచ్చు. కేరళలో మత్తి చేప పది సెంటీమీటర్ల కన్నా చిన్నదైతే పట్టకూడదని ప్రభుత్వమే కొలత పెట్టింది. మన చెరువుకు మన సొసైటీయే కొలత పెట్టుకోవచ్చు, పిట్టలదొర తుపాకి మీద ఆ గీత గీయవచ్చు.

కొనేవాళ్లం మనం కూడా ఒక మాట అనవచ్చు. తక్కెడ ముందు నిలబడి, “పిల్ల చేప వద్దు చెల్లె, ఎదిగింది ఉంటె ఇయ్యి, ఓ పది రూపాలు ఎక్కువైనా ఇస్త” అంటే చాలు. నలుగురు అంటే ఆమె గట్టు మీదికి పోయి అదే మాట చెబుతుంది. నాకు తెలిసి చేపలమ్మే ఆడవాళ్ల మాటకు గట్టు మీద ఉన్నంత విలువ ఇంకెవరి మాటకూ లేదు.

ఈ ఏడు ఏ బడివాళ్లయినా ఇది ఆడదలచుకుంటే వేషాలు పంచేటప్పుడు ఒక సంగతి మరవకండి. తల్లి కొర్రమట్ట, ఎర్ర పిల్లలు, దొర, వీళ్లంతా బడి నుంచే రావచ్చు. వల వేసేవాడి వేషం మాత్రం పిల్లలకు ఇవ్వకండి. ఊళ్లో సొసైటీ సభ్యుల ఇంటికి పోయి, “బాబాయ్, మాకు వల వేసెటోడు కావాలె, నువ్వే రావాలె” అని పిలవండి. దోమతెర పక్కన పెట్టి పెద్ద కన్ను వల ఎత్తేది ఆయన చేత్తోనే జరగాలి, ఎట్లా ఎత్తాలో, ఏ చేపను వదలాలో పిల్లలకు ఆయనే నేర్పాలి. ఆయన ఒప్పుకోవడానికి నాలుగు రోజులు పడితే పట్టనివ్వండి, అప్పటిదాకా పొలుసులు కుట్టుకుంటూ ఉండండి.